తాలూకా గీత ఇంకోలా గీసి ఉంటే



దేశాల సరిహద్దులు మారితే చరిత్ర మారుతుందని పుస్తకాల్లో చదువుకున్నాం. తాలూకా సరిహద్దు మారినా బతుకులు మారతాయని ఉద్యోగం చేసిన మనకు బాగా తెలుసు. జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి అందుకు సాక్ష్యం.

1953కు ముందు జనగామ తాలూకా నల్లగొండ జిల్లాలో ఉండేది. 1946 జూలై 4న కడవెండిలో దొడ్డి కొమరయ్య నేలకొరిగిన నాడు, పాలకుర్తిలో చాకలి ఐలమ్మ తన పంట కోసం దొరను ఎదిరించిన నాడు అవి నల్లగొండ జిల్లా ఊళ్లు. భూపాలపల్లి వైపున్న పరకాల తాలూకా కరీంనగర్‌ జిల్లాలో ఉండేది. మహబూబాబాద్, ఖమ్మం రెండూ వరంగల్ జిల్లాలోనే ఉండేవి. 1953లో ఖమ్మం వేరే జిల్లా అయింది. తగ్గిన వరంగల్‌కు పరిపాలన సౌలభ్యం పేరిట జనగామ, పరకాల వచ్చి చేరాయి.

ఆ మార్పు ఫలితం 22 ఏళ్ల తర్వాత తెలిసింది. 1975 రాష్ట్రపతి ఉత్తర్వు వరంగల్‌ను ఆదిలాబాద్, కరీంనగర్, ఖమ్మంలతో అయిదో జోన్‌లో ఉంచింది. నల్లగొండ హైదరాబాద్‌తో కలిసి ఆరో జోన్‌లోకి వెళ్లింది. జనగామ నల్లగొండలోనే ఉండిపోయి ఉంటే? అక్కడి పిల్లవాడు జోనల్ పోస్టుకు రాజధాని పిల్లలతో పోటీ పడవలసి వచ్చేది. ఉద్యోగం దొరికితే మాత్రం సుమారు 85 కిలోమీటర్ల దూరంలోని హైదరాబాద్ చుట్టుపక్కలే పనిచేసే వీలుండేది. ఆ అవకాశం పోయి, ఉట్నూరుకో భద్రాచలానికో బదిలీ అయి పెట్టె సర్దుకున్నవాళ్లు మనలో ఎందరో! లాభమా నష్టమా అని నేను తేల్చలేను. మన సర్వీసు దారి మాత్రం ఆ గీతే వేసింది.

2016 అక్టోబరు 11న ఈ మూడూ జిల్లాలయ్యాయి. జిల్లా కోసం జనగామ ప్రజలు ఉద్యమమే చేశారు. తర్వాత 2018 రాష్ట్రపతి ఉత్తర్వు ఏడు జోన్లు ఏర్పరచింది. జనగామ నల్లగొండతో కలిసి యాదాద్రి జోన్‌లోకి, మహబూబాబాద్ ఖమ్మంతో కలిసి భద్రాద్రి జోన్‌లోకి, భూపాలపల్లి పెద్దపల్లి, మంచిర్యాలతో కలిసి కాళేశ్వరం జోన్‌లోకి వెళ్లాయి. 1953 నాటి లెక్క చాలావరకు వెనక్కి తిరిగింది!

గీత వెనక్కి వచ్చినా గడిచిన సర్వీసు వెనక్కి రాదు. 2021 డిసెంబరులో 317 జీవో ప్రకారం సీనియారిటీని బట్టి కేటాయింపులు జరిగినప్పుడు, సొంత జిల్లా విడిచి వెళ్లినవారిలో మన పిల్లలూ ఉన్నారు. స్థానికతకు విలువ ఇవ్వలేదన్న వారి బాధలో న్యాయముంది. గీత గీసేటప్పుడు దాని కింద బతికేవాళ్లనూ ఒక మాట అడగాలి.

మన మనవళ్ల సంగతి ఇంకా ముఖ్యం. 1975 ఉత్తర్వులో స్థానికుల వాటా పోస్టును బట్టి 80, 70, 60 శాతంగా ఉండేది. ఇప్పుడది 95 శాతం. ఒకటి నుంచి ఏడో తరగతి వరకు కనీసం నాలుగేళ్లు ఎక్కడ చదివారన్నదే ఆధారం. కాబట్టి పిల్లల బడి బోనఫైడ్ సర్టిఫికెట్లను మన పెన్షన్ పేమెంట్ ఆర్డరు పక్కనే భద్రపరచండి.