చమురున నీరు: చెల్పూరు దారిన ఒక పరీక్షావిద్య చరిత్ర

పరకాలనుండి భూపాలపల్లి మీదుగా కాళేశ్వరము వైపు సాగు రహదారిపై చెల్పూరు కలదు. గణపురము మండలమునకు చెందిన ఈ గ్రామమునకు చేరువనే కాకతీయుల కాలమునాటి గణపసముద్రమును, కోటగుళ్లును ఉండగా, గ్రామసీమయందే కాకతీయ తాపవిద్యుత్కేంద్రపు పొగగొట్టములు ఆకాశమునంటి నిలిచియున్నవి. ఈ సీమ చరిత్రను చెప్పబూనినవారు చెరువుతో మొదలిడి, సింగరేణి బొగ్గుమీదుగా విద్యుత్తునకు చేరుట పరిపాటి. అయితే తెలంగాణమంతటను, ఈ దారివెంటను, రేకుల షెడ్లలో పానాలును జాకీలును పట్టిన చేతులలో తరతరములుగా పెంపొందిన విద్య వేరొకటి కలదు. చేయిమారిన పాత కారును ఎదుట నిలిపి, దాని ఇంజనులో చమురును నీరును కలిసినవో లేదో సిలిండర్ల పైమూతయగు హెడ్డును దించకయే నిర్ణయించు విద్య అది. శాసనములకెక్కని ఈ విద్యకును చరిత్ర యున్నదనియు, అది వ్రాయదగినదేయనియు నా దృఢవిశ్వాసము.

నిజాము రాజ్యమున క్రమబద్ధమైన బస్సు రవాణా రైల్వేశాఖ చేతిమీదుగా ఆరంభమైనది. 1932వ సంవత్సరము జూన్ మాసమున నిజాము స్టేట్ రైల్వే వారి రోడ్డు రవాణా విభాగము 27 బస్సులతో, 166 మంది ఉద్యోగులతో వెలసినది. ఆ బండ్లలో స్కాట్లండు దేశమునుండి వచ్చిన ఆల్బియన్ వాహనములు ప్రసిద్ధములు. 1958 జనవరి 11న ఆంధ్రప్రదేశ్ రోడ్డు రవాణా సంస్థ ఏర్పడునాటికి మోటారు మరమ్మతు పట్టణములలో ఒక కులమునకుగాని ఒక మతమునకుగాని కట్టుబడని కొత్త వృత్తిగా స్థిరపడినది. పెద్ద మేస్త్రీ ‘ఉస్తాద్’ అయినాడు. చేతికింద పానా లందించు పిల్లవాడు ‘చోటా’ అయినాడు. చదువురాని ఆ పిల్లవాడు మొదట నేర్చినది బోల్టు విప్పుట కాదు. పొద్దున ఇంజను స్టార్టు చేయకముందే చమురు గేజి తీసి, గుడ్డతో తుడిచి, మరల ముంచి, అంటుకొని వచ్చిన చమురును వెలుతురునకు పట్టి చూచుట. “బండి వేడిగున్నప్పుడు రేడియేటర్ మూత ఇప్పకు బిడ్డా, మొకం కాల్తది” అను హెచ్చరిక దాని వెంటనే వచ్చు రెండవ పాఠము.

ఆనాటి ఇంజనుల స్వభావమే ఆ పాఠములను నిర్ణయించినది. పశ్చిమ వంగమునందలి ఉత్తర్‌పాడాలో 1957లో ఆరంభమై 2014 వరకు తయారైన అంబాసిడరు కారు, మారిస్ ఆక్స్‌ఫర్డు మూడవ శ్రేణికి ప్రతిరూపము. తొలిదినములనుండి చిరకాలము దానియందలి ఇంజనుకు బ్లాకును హెడ్డును పోతయినుపవే. ఒకే లోహమగుటచేత వేడికి రెండును సమానముగా వ్యాకోచించి, నడుమనున్న గ్యాస్కెట్టును అంతగా బాధింపవు. అట్లయినను ఆ ఇంజనును చంపినది నీరే. దారిలో చెరువు కనబడిన చెరువునీరు, బోరింగు కనబడిన బోరునీరు రేడియేటరులో పోయుట మనవారి అలవాటు. కఠినజలము కాగినపుడు దానిలోని సున్నపు లవణములు గొట్టముల లోపలి గోడలకు పేరుకొని, ఉష్ణము బయటికి పోవు దారిని మూసివేయును. రేడియేటరు కారిన పసుపుపొడి పోసి తూటు పూడ్చుట మరియొక అలవాటు. పూట గడచుటకు అది పనికివచ్చినమాట నిజమేగాని, ఆ పసుపే సన్నని నాళములలో చేరి గడ్డకట్టి, నెలలు గడచిన పిదప ఇంజను ఉడికిపోవుటకు హేతువగును. ఉడికిన ఇంజనున హెడ్డు వంగును, వంగినచోట గ్యాస్కెట్టు కాలును, కాలినచోట రెండు ద్రవములు కలియును.

ఇచట ఉస్తాదుల తర్కము నన్ను మిక్కిలి ఆశ్చర్యపరచును. ఇంజను నడచుచున్నపుడు చమురుపంపు చదరపు సెంటీమీటరునకు మూడు నాలుగు కిలోల ఒత్తిడితో చమురును త్రోయుచుండగా, రేడియేటరు మూత నీటిని సుమారు ఒక కిలో ఒత్తిడివరకు మాత్రమే బిగించి యుంచును. కావున చమురునాళమునకును నీటిగదికిని నడుమ బీట వారినచో, నడకలో చమురే నీటిలోనికి చొచ్చును. ఇంజను ఆపిన క్షణముననే చమురు ఒత్తిడి శూన్యమగును. వేడినీటి ఒత్తిడి మాత్రము కొంతసేపు నిలిచియే యుండును. అప్పుడు నీరు చమురులోనికి మరలి దిగును. అదియుగాక, బీట దహనకోష్ఠమువైపు తెరచుకొనినయెడల, మండిన వాయువులు నీటిలోనికి దూసుకొనివచ్చి రేడియేటరులో బుడగలు లేచును. ఆగినపిదప నీరు సిలిండరులోనికి ఊరి, మరునాటి ఉదయము సైలెన్సరునుండి తెల్లని పొగ దట్టముగా వెడలి, ఎంతకును తగ్గకుండును. గేజిపై గోధుమవన్నె నురుగు, రేడియేటరులో చమురు తెట్టు, ఆగని తెల్లపొగ, ఎడతెగని బుడగలు అను నాలుగు గుర్తులలో ఏవి కలవు, ఏవి లేవు అను లెక్కను బట్టియే బీట ఎచటనున్నదో ఊహించువారు. పీడనశాస్త్రమును పుస్తకములలో చదువనివారు దాని ఫలితమును ఇంత నిర్దుష్టముగా వాడుకొనుట సామాన్యవిషయము కాదు.

1983 డిసెంబరు 14న మారుతి 800 మొదటి కారు రోడ్డెక్కినది. అటుపిమ్మట చిన్నకార్ల హెడ్లు అల్యూమినియముతో చేయబడుట సాధారణమైనది. మీటరు పొడవుగల పోతయినుము నూరు డిగ్రీల వేడికి సుమారు 1.1 మిల్లీమీటరు పెరుగగా, అల్యూమినియము 2.3 మిల్లీమీటర్లు పెరుగును. ఇనుప బ్లాకుపై అల్యూమినియము హెడ్డు బిగించిన ఇంజనులో ఒక్కసారి నీరెండిన చాలును, హెడ్డు వంగి లేతుమీద ఫేసింగు కొట్టింపవలసివచ్చును. ఆ కాలముననే ఉత్తనీటికి మారుగా కూలెంటు వాడుక హెచ్చినది. అందలి ముఖ్యద్రవ్యమగు ఇథిలీన్ గ్లైకాలును ఫ్రెంచి రసాయనవేత్త ఛార్లెస్ అడాల్ఫ్ వుర్ట్జ్ 1856లో మొదట తయారుచేసెను. శీతలదేశములలో అది నీరు గడ్డకట్టకుండ కాపాడును. మంచు కురియని మన సీమకు దానివలన మేలు వేరు. సగపాలు నీటితో కలిపిన మిశ్రమము సుమారు 107 డిగ్రీలవరకు మరుగదు, అందు కలిపిన మందులు తుప్పును ఆపును. కాని అది చమురులో కలిసినచో ఉత్తనీటికంటె కీడెక్కువ. ఆవిరియై పోక, చమురును జిగురు మడ్డిగా మార్చి బేరింగులను తినివేయును. తీయగానుండు ఈ ద్రవమును రుచిచూచి పోల్చుటకు ఎవ్వరును సాహసింపరాదు. అది విషము.

చమురున నీరు చేరునను చింత కార్లకే పరిమితము కాదు. చెల్పూరు విద్యుత్కేంద్రమున 500 మెగావాట్ల మొదటి యూనిట్టు 2010లోను, 600 మెగావాట్ల రెండవ యూనిట్టు 2016లోను వచ్చినవి. ఆవిరి టర్బైనుల బేరింగులకును చమురే ఆధారము. ఆ చమురును చల్లార్చునది నీరే. అందుచేత చమురులో తడి చేరకుండ కాపాడుట అంత పెద్ద యంత్రమునకును నిత్యకృత్యమే. ప్రయోగశాలలలో చమురునందలి తడిని కొలుచుటకు వాడు పద్ధతి 1935లో కార్ల్ ఫిషర్ ప్రకటించినది. రోడ్డుపక్క షెడ్డులో అదే ప్రశ్నకు జవాబు వేడి రేకుపై వేసిన ఒక్క బొట్టు చమురు చెప్పును. వెన్న కాచునపుడు చిటపట ఆగువరకు నెయ్యి కాగలేదని ఇల్లాలు చెవితోనే తెలిసికొనునట్లు, బొట్టు చిటపటలాడినచో తడి యున్నదని మేస్త్రీ తెలిసికొనును. కొలత ఎంతయో రేకు చెప్పజాలదు, నిజమే. ఉన్నదా లేదా యనుట మాత్రము అది చక్కగా చెప్పును.

ఒక్క గుర్తునే నమ్మి తీర్పు చెప్పుట ఈ విద్యలో మహాదోషము. చలికాలమున దగ్గరి దూరములకే తిరుగు కారుకు చమురుమూత అడుగున తెల్లని నురుగు పట్టుట సహజము. అది ఇంజను లోపల చల్లబడి చేరిన తేమ. గేజి శుభ్రముగానుండి, కూలెంటు మట్టము తగ్గకుండినచో, దూరప్రయాణ మొకటి చేసినంతనే అది హరించును. ఆటోమేటిక్ గేరుగల కార్లలో గేరునూనెను చల్లార్చు గొట్టము రేడియేటరు తొట్టిలోనే యుండుట కలదు. అది చిల్లిపడిన గులాబివన్నె నురుగు పుట్టును. అట్టిచో ఇంజనును విప్పుట వృథావ్యయము. కొన్ని డీజిలు ఇంజనులలో ఆయిలు కూలరు చెడినను గ్యాస్కెట్టు పోయినట్లే తోచును. కూలరు మార్చిన తీరు పనికి హెడ్డు దించినవారిని నేను ఎరుగుదును.

అమ్మకమునకు ముందు చమురు మార్చి, రేడియేటరు కడిగి, కొత్తనీరు నింపి దోషమును కప్పిపుచ్చువారును లేకపోలేదు. అట్టివారు మరచునది రబ్బరు గొట్టములను. చమురు తాకిన గొట్టము ఉబ్బి, మెత్తబడి, పట్టిన చేతికి జారును. లోపల వ్రేలు పెట్టిన జిడ్డు తగులును. మూత మరల సందులలోను, రేడియేటరు ఎక్స్‌ట్రా డబ్బా అంచులలోను పాత తెట్టు దాగియుండును. రాత్రియంతయు కదలక నిలిచిన బండికి అడుగుబోల్టు కొంచెము వదలుచేసినచో, చమురుకంటె బరువైన నీరు ముందుగా చుక్కలుగా దిగును.

పాత కారు కొనబోవు పాఠకులారా, అమ్మువానిని ముందురాత్రియే బండిని ఆపియుంచుమని అడుగుడు. మీరు నమ్మిన మేస్త్రీని వెంటబెట్టుకొని ఉదయమే పోయి, ఇంజను చల్లగానుండగనే చమురుమూతను, రేడియేటరు మూతను విప్పించి చూడుడు. బయానా అటుపిమ్మటనే ఇండు.