మోకాలి చిప్ప కింద నొప్పి: తొలి వారాల్లో ఏం చేయాలి? ఎప్పుడు కోలుకుంటారు?

ఇందిరాపురం (ఘజియాబాద్): ఢిల్లీని ఆనుకొని ఉన్న ఇందిరాపురంలో వ్యాయామానికీ రుతువులు ఉన్నాయి. వేసవి ఎండలు, నవంబరు నుంచి జనవరి వరకు కలుషిత గాలి, పొగమంచు స్వర్ణ జయంతి పార్కుకు వచ్చేవారిని వారాల తరబడి ఇళ్లకే పరిమితం చేస్తాయి. గాలి కొంత తేటపడగానే పరుగు, బ్యాడ్మింటన్ మళ్లీ మొదలవుతాయి. విరామంలో పట్టు తగ్గిన మోకాలిపై పాత భారం ఒక్కసారిగా పడుతుంది. చిప్ప కింది అంచున నొప్పి పుట్టడానికి ఇది అనువైన పరిస్థితి.

ఇలాంటి నొప్పి వచ్చినవారిలో కొందరు నెలల తరబడి కాలు కదపకుండా ఉంటారు. మరికొందరు మాత్ర వేసుకొని ఆట కొనసాగిస్తారు. ఈ రెండూ కోలుకునే కాలాన్ని పెంచేవే. నొప్పిని రేపే పనులను వెంటనే తగ్గించి, కండరాలకు కొలత ప్రకారం శ్రమ కల్పించడమే నేటి చికిత్సకు మూలసూత్రం.

ఏమిటీ సమస్య?

మోకాలి చిప్ప కింది అంచును కాలి ఎముకతో కలిపే దళసరి పట్టీని పటెల్లార్ టెండన్ అంటారు. దూకినప్పుడు, వేగంగా ఆగినప్పుడు ఇది స్ప్రింగులా శక్తిని నిల్వచేసి విడుదల చేస్తుంది. తగిన వ్యవధి లేకుండా ఈ భారం పదేపదే పడితే లోపలి కొలాజెన్ పోగుల అమరిక చెదురుతుంది. 1973లో అమెరికా వైద్యుడు బ్లాజినా, ఆయన సహచరులు దీన్ని ‘జంపర్స్ నీ’ అని పిలిచారు. ఇది కేవలం వాపు వల్ల వచ్చే జబ్బు కాదని తేలడంతో ‘టెండినైటిస్’ స్థానంలో ‘టెండినోపతి’ అనే పేరు స్థిరపడింది. వాపు తగ్గించే మాత్రలు మాత్రమే వాడితే సమస్య తీరకపోవడానికి కారణం ఇదే.

నార్వే క్రీడాకారులపై 2005లో వెలువడిన అధ్యయనం ప్రకారం అగ్రశ్రేణి వాలీబాల్ ఆటగాళ్లలో దాదాపు 45 శాతం, బాస్కెట్‌బాల్ ఆటగాళ్లలో 32 శాతం మందిలో ఈ సమస్య కనిపించింది.

గుర్తించడం ఎలా?

నొప్పి ఉన్న చోటును ఒక వేలితో చూపగలగడం ప్రధాన లక్షణం. ఆట మొదట్లో నొప్పి ఉంటుంది, ఒళ్లు వేడెక్కాక తగ్గుతుంది, మరునాడు తిరిగి వస్తుంది. చిప్ప చుట్టూ లేదా వెనుక నొప్పి ఉంటే అది మరో సమస్య కావచ్చు. ఎదిగే పిల్లల్లో నొప్పి టెండన్ దిగువన, కాలి ఎముకపై ఉండే బొడిపె వద్ద కనిపిస్తుంది. మోకాలు పట్టేయడం, పట్టు తప్పడం కార్టిలేజ్ లేదా లిగమెంట్ గాయానికి సూచనలు. పుల్లెల గోపీచంద్‌కు 1994లో తగిలింది లిగమెంట్ గాయం. శస్త్రచికిత్సల తర్వాత ఆయన 2001లో ఆల్ ఇంగ్లండ్ టైటిల్ గెలిచారు. టెండన్ నొప్పికి చికిత్సా మార్గం వేరు.

అల్ట్రాసౌండ్ రోగ నిర్ధారణకు తోడ్పడుతుంది. అయితే నొప్పి లేని క్రీడాకారుల టెండన్లలోనూ మార్పులు కనిపిస్తాయి కనుక, స్కాన్ ఒక్కదానిపైనే నిర్ణయం తీసుకోరాదు.

తొలి రెండు వారాలు

దూకడం, వేగంగా పరుగెత్తడం, లోతుగా గుంజీలు తీయడం తగ్గించాలి. నొప్పి పెరగనంత వరకు నడక, సైకిల్, ఈత కొనసాగించవచ్చు. మంచు కాపడం తాత్కాలికంగా ఉపశమనం ఇస్తుంది. మాత్రలు వైద్యుని సలహాపై కొద్ది రోజులకే పరిమితం కావాలి.

కదలిక లేకుండా కండరాన్ని బిగించే వ్యాయామాలతో మొదలుపెట్టవచ్చు. బడిలో శిక్షగా వేయించే గోడకుర్చీ ఇక్కడ మందులా పనిచేస్తుంది. 45 సెకన్ల చొప్పున ఐదు సార్లు, మధ్యలో ఒకటి రెండు నిమిషాల విరామంతో చేయడం వాడుకలో ఉన్న పద్ధతి. కొందరికి ఇది నొప్పిని కొంతసేపు తగ్గిస్తుంది. అందరిలోనూ ఫలితం ఒకేలా ఉండదు.

కోలుకునే నాలుగు దశలు

మొదటిది పైన చెప్పిన బిగింపు వ్యాయామాల దశ. రెండోది బరువుతో నెమ్మదిగా చేసే లెగ్ ప్రెస్, గుంజీల వంటి వ్యాయామాలది. టెండన్ సర్దుకోవడానికి వ్యవధి కావాలి కనుక వీటిని రోజు విడిచి రోజు చేయాలి. మూడో దశలో చిన్న గెంతులు, పరుగు వస్తాయి. నాలుగోది ఆటకు సంబంధించిన సాధన.

సున్నా నుంచి పది వరకు కొలిస్తే మూడుకు మించని నొప్పిని సాధారణంగా అనుమతిస్తారు. మరునాటికి అది పాత స్థాయికి రావాలి, లేకుంటే భారం తగ్గించాలి. నెదర్లాండ్స్‌లో 76 మందిపై జరిపి 2021లో ప్రచురించిన పరీక్షలో, ఇలా దశలవారీగా సాగే పద్ధతి నొప్పిని భరిస్తూ చేసే పాత వ్యాయామాల కంటే మెరుగైన ఫలితం ఇచ్చింది. అయినా 24 వారాల తర్వాత మునుపటి స్థాయి ఆటకు తిరిగి వచ్చినవారు మొదటి వర్గంలో 43 శాతం మందే. కోలుకోవడానికి వారాలు కాదు, నెలలు పడుతుందని ఈ లెక్క చెబుతోంది.

ఇంజెక్షన్, శస్త్రచికిత్స

డెన్మార్క్ పరిశోధకులు 2009లో ప్రచురించిన అధ్యయనంలో స్టెరాయిడ్ ఇంజెక్షన్ 12 వారాల వరకు మేలు చేసింది, ఆరు నెలలకు ఆ ప్రయోజనం నిలవలేదు. బరువుతో నెమ్మదిగా చేసిన వ్యాయామాల ఫలితం నిలిచింది. 2006లో నార్వేలో జరిగిన పరీక్షలో శస్త్రచికిత్స వ్యాయామం కంటే మెరుగని తేలలేదు. అందుకే దీన్ని చివరి మార్గంగా పరిగణిస్తారు.

టెన్నిస్ క్రీడాకారుడు రఫెల్ నాదల్ ఎడమ మోకాలి పటెల్లార్ టెండన్ పాక్షికంగా చిరగడంతో 2012లో ఒలింపిక్స్‌కు, యూఎస్ ఓపెన్‌కు దూరమయ్యారు. సుమారు ఏడు నెలల తర్వాత 2013 ఫిబ్రవరిలో తిరిగి ఆడారు. ఆ ఏడాదే ఫ్రెంచ్, యూఎస్ ఓపెన్ టైటిళ్లు గెలిచారు.

వెంటనే వైద్యుణ్ణి సంప్రదించాల్సినప్పుడు

మోకాలిలో ‘టప్’మన్న శబ్దం వినిపించినా, కాలు చాచలేకపోయినా, జ్వరంతో పాటు మోకాలు వాచి ఎర్రబడినా ఆలస్యం చేయరాదు. రాత్రి నిద్రకు భంగం కలిగించే నొప్పినీ పరీక్ష చేయించుకోవాలి.

కాలుష్యం ఎక్కువగా ఉన్న నెలల్లోనూ ఇంట్లో వారానికి రెండు మూడు సార్లు గోడకుర్చీ, నెమ్మదైన గుంజీలు కొనసాగించేవారికి ఫిబ్రవరిలో పరుగు తేలికవుతుంది. తిరిగి మొదలుపెట్టేటప్పుడు పాత దూరంలో సగంతో ఆరంభించి, వారం వారం కొద్దికొద్దిగా పెంచుకోవాలి.