చెట్టు క్రింద వజ్రపరీక్ష

పంతులుగిరీ మా ఇంట మూడు తరాలుగా వస్తున్నది. తెలుగు మాత్రం మాకు సాయంకాలపు తరగతుల్లో అబ్బినదే. కనుక భాషాదోషాలు కనిపిస్తే పెద్దలు మన్నించ ప్రార్థన. వజ్రాల వర్తకంతో మాకు సంబంధం లేదు. మనుమరాలి నిశ్చితార్థానికి ఉంగరం కొనబోతే, దుకాణంలో చేతికిచ్చిన పరీక్షాపత్రం అర్థం కాలేదు. దాన్ని అర్థం చేసుకోబోయి, చివరకు మన పెద్దలు విడిచివచ్చిన సీమల చరిత్రలో తేలాం.

ఆ పత్రంలో ముఖ్యమైనవి నాలుగు: బరువు, రంగు, స్వచ్ఛత, కోత. 1931లో ఈ దేశంలో స్థాపించిన జెమాలజికల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ అమెరికా వారి పద్ధతి ఇది. క్యారట్ అంటే 200 మిల్లీగ్రాములు. రంగు బొత్తిగా లేని రాయి 'డి'. పసుపు పెరిగేకొద్దీ అక్షరాలు 'జెడ్' దాకా దిగుతాయి. స్వచ్ఛతను పది రెట్లు పెద్దదిగా చూపే భూతద్దంతో నిర్ణయిస్తారు. ఇదంతా పాశ్చాత్యుల శాస్త్రమనే అనుకున్నాం, టావెర్నియర్ యాత్రాగ్రంథం చదివేదాకా.

1676లో అచ్చయిన ఆ గ్రంథంలో ఈ ఫ్రెంచి వర్తకుడు గోల్కొండకు ఐదు రోజుల ప్రయాణంలో, బీజాపూరు ఏలుబడిలో ఉన్న రావల్కొండ గనిని వర్ణించాడు. ఊరి నడుమ చెట్టు క్రింద పది మొదలు పదహారేళ్ళ లోపు పిల్లలు కూర్చునేవారట. గనులు నడిపేవారి బిడ్డలు. ఒక ప్రక్క తూకపురాళ్ళ సంచి, మరొక ప్రక్క 500, 600 వరహాల దాకా ఉన్న సంచి! ఎవరైనా రాయి తెస్తే పెద్ద పిల్లవాడు చూసి ప్రక్కవాడికిస్తాడు. అలా అందరి చేతులూ తిరిగి మళ్ళీ మొదటివాడికి చేరుతుంది. అందాకా ఒక్కరూ నోరు విప్పరు. (నలభై ఏళ్ళు తరగతి గదిలో గడిపిన మాకు, వజ్రాలకంటె ఈ నిశ్శబ్దమే ఆశ్చర్యం.) ధర ఎక్కువ పెట్టి కొంటే నష్టం పెద్దవాడిదే. సాయంత్రం కాగానే కొన్న రాళ్ళను నీరు, బరువు, స్వచ్ఛతల ప్రకారం వేరుచేసేవారు. నీరంటే రంగూ కాంతీ. అంటే నేటి పత్రంలోని నాలుగింటిలో మూడు ఆ చెట్టు క్రింద ఉన్నవే.

చూసే పద్ధతీ చెప్పుకోదగ్గదే. ఐరోపావారు ముడి రాళ్ళను పగటి వెలుగులో చూస్తే, ఇక్కడివారు రాత్రిపూట గోడలో అడుగు చదరపు గూడు చేసి, లావు వత్తి దీపం పెట్టి, రాయిని వ్రేళ్ళ నడుమ పట్టి చూసేవారు. 'ఆకాశపు నీరు' అనే నీలి ఛాయను కనిపెట్టడానికి మాత్రం రాయిని దట్టమైన చెట్టునీడకు తీసుకువెళ్ళాలి. ఆ ఆకుపచ్చ నీడలో నీలం బయటపడుతుంది. అది దోషమని ఆయన వ్రాశాడు.

నాలుగోదైన కోత విషయంలోనే మనవారికీ పరదేశీయులకూ తేడా. మనవారు బరువు పోనిచ్చేవారు కారు. వాషింగ్టన్ స్మిత్సోనియన్ ప్రదర్శనశాలలోని హోప్ వజ్రం ఇందుకు సాక్ష్యం. కృష్ణ ఒడ్డున, నేడు పులిచింతల జలాశయంలో మునిగిన కొల్లూరు గనిదే అది కావచ్చునని పండితుల అభిప్రాయం. టావెర్నియర్ 1668లో పదునాల్గవ లూయీకి అమ్మినప్పుడు సుమారు 115 క్యారట్లు. తళుకు కోసం 1673లో కోయించగా 69 మిగిలింది. 1792లో దొంగలపాలై, మళ్ళీ కోతపడి, ఇప్పుడు 45.52. హ్యారీ విన్‌స్టన్ 1958లో దాన్ని ప్రదర్శనశాలకు రిజిస్టరు టపాలో పంపించాడు!

కోత తళుకునే కాదు, దోషాన్నీ ఇవ్వగలదు, దాచగలదు. మచ్చలున్న రాయికి ఒళ్ళంతా చిన్న చిన్న ముఖాలు చెక్కి వాటిని మరుగుపరచేవారని టావెర్నియరే చెప్పాడు. పొదిగిన రాయి రంగూ బరువూ సరిగా తేలవు. విడిరాయినే చూపమని అడగాలి. గనిదా, ప్రయోగశాలలో చేసినదా అన్నది కంటికి తెలియదు కనుక కాగితం మీద వ్రాయించుకోవాలి. ఒకచోట మా పేరు విని "ఇది గోల్కొండ రకం" అంటూ ధర పెంచారు. వర్తకులు ఆ మాటను నత్రజని దాదాపు లేని అతి నిర్మలమైన రాళ్ళకు వాడతారు. అటువంటివి ఆఫ్రికాలోనూ దొరుకుతాయి. అది పుట్టినూరికి రుజువు కాదు.

ఆ దుకాణదారుకే మా నాయనమ్మ సముద్రం దాటి వస్తూ పెట్టుకువచ్చిన ఏడురాళ్ళ దుద్దులు చూపించాం. అవి 'బ్లూ జాగర్' రవ్వలని ఇంట్లో గొప్పగా చెప్పుకునేవారు. దక్షిణాఫ్రికాలోని యాగర్స్‌ఫాంటైన్ గని పేరు మన నోళ్ళలో అలా మారింది. ఆయన అతినీలలోహిత దీపం వేయగానే రాళ్ళు నీలంగా వెలిగాయి. అది లోపమట; కోత పాతదట; అవి ఇచ్చేస్తే ఉంగరం ధరలో కొంత తగ్గిస్తానన్నాడు. 1997లో పైన చెప్పిన సంస్థవారే పరిశీలించి, ఆ నీలికాంతివల్ల రాయి రూపంలో తేడా మామూలు చూపరులు పట్టలేకపోయారని ప్రకటించారు. మన ఇళ్ళలో వన్నె, అక్కడ తరుగు; రాయి ఒక్కటే.

మనుమరాలు దుద్దులను పెరటి మేపుల్ చెట్టు క్రిందికి తీసుకుపోయి చాలాసేపు చూసింది. "అమ్మమ్మా, వీటిని ఇవ్వవద్దు" అన్నది. మరొకచోట అర క్యారట్ రాయి, కోత బాగున్నది, విడిగా చూసి కొన్నాం. పెళ్ళినాడు దుద్దులు కూడా తనే పెట్టుకుంటుంది.