అమరావతి స్తూపము

ఈ వ్యాసము అమరావతి గ్రామములోని ప్రాచీన బౌద్ధ స్తూపమును గురించినది. 2015లో శంకుస్థాపన జరిగిన ఆంధ్ర ప్రదేశ్ రాజధాని నగరము ఈ గ్రామము పేరునే పెట్టుకున్నది కాని, స్తూపమున్న చోటు వేరు.

అమరావతి స్తూపము లేదా అమరావతి మహాచైత్యము పల్నాడు జిల్లాలో, కృష్ణా నది కుడి గట్టున ఉన్న అమరావతిలోని బౌద్ధ కట్టడము. 2022లో జిల్లాల పునర్విభజన జరిగే వరకు ఈ గ్రామము గుంటూరు జిల్లాలో ఉండేది. పక్కనే ఉన్న ధరణికోట ప్రాచీన ధాన్యకటకము. ఇక్కడి శాసనాలలో స్తూపమును "మహాచేతియ" అని పేర్కొన్నారు. మౌర్యుల కాలము నుండి క్రీ.శ. 3వ శతాబ్దము వరకు అంచెలంచెలుగా పెరిగిన ఈ స్తూపము దక్షిణ భారతదేశములోని బౌద్ధ కట్టడాలలో మిక్కిలి గొప్పది. నేడు అక్కడ మిగిలినది తక్కువ ఎత్తుగల గుండ్రని దిమ్మె, కొన్ని రాతి పలకలు, కంభాల మొండెములు మాత్రమే. దీని శిల్పాలలో పేరు పొందినవన్నీ దాదాపుగా చెన్నై, లండన్ నగరాలలో ఉన్నవి. అవి అక్కడకు ఎట్లు చేరినవి అన్నది స్తూప చరిత్రలో సగ భాగము.

నిర్మాణము

స్తూపము లోపల గదులు లేని గట్టి కట్టడము. అండము అనబడే గోపురము, దాని కింద గుండ్రని వేదిక, చుట్టూ ప్రదక్షిణ పథము, దానికి ఆవల రాతి కంచె, ఇవి ముఖ్య భాగములు. వేదిక వ్యాసము సుమారు 50 మీటర్లు, కంచె వ్యాసము సుమారు 59 మీటర్లు. ప్రదక్షిణ పథము 4 మీటర్ల వెడల్పు ఉండేది. కంచె మనిషి ఎత్తును మించి ఉండుట వలన లోపలికి అడుగిడిన భక్తునికి బయటి ప్రపంచము కనబడేది కాదు; ఇరువైపులా శిల్పములే కనబడేవి.

నాలుగు దిక్కులా వేదిక నుండి ముందుకు చొచ్చుకు వచ్చిన ఆయక వేదికలు, ఒక్కొక్కదాని మీద ఐదేసి ఆయక స్తంభాలు ఆంధ్ర దేశపు స్తూపాల ప్రత్యేకత. సాంచీలో ఇవి లేవు. ఈ ఐదు స్తంభాలు బుద్ధుని జననము, మహాభినిష్క్రమణము, సంబోధి, ధర్మచక్ర ప్రవర్తనము, మహాపరినిర్వాణము అనే ఐదు ఘట్టాలకు గుర్తులని పండితులు సాధారణముగా చెప్తారు. స్తూపము మొత్తముగా ఎట్లుండేదో మనకు తెలియుటకు ఆ శిల్పులే సహాయము చేశారు. వేదికకు తాపడము చేసిన పలకల మీద స్తూపము బొమ్మనే చెక్కి పెట్టారు. అందులో సింహాలు కాపున్న ద్వారము, ఆయక స్తంభాలు, అండము మీద పూలదండల అలంకారము, పైన ఎగిరే దేవతలు అన్నీ స్పష్టముగా కనబడును.

ఇక్కడ వాడిన రాయిని పాలరాయి అని చాలా పుస్తకాలలో వ్రాస్తూ వచ్చారు. అది పొరపాటు. ఇది పల్నాటి సున్నపురాయి. కొద్దిగా పచ్చని ఛాయ గల తెలుపు రంగు, సన్నని పనికి లొంగే మెత్తదనము దీని గుణములు. అదే గుణము తరువాత దీనికి ముప్పు తెచ్చినది, ఎందుకంటే కాల్చితే ఇది మంచి సున్నమగును.

దాతలు, శాసనాలు

ఈ స్తూపమును ఏ ఒక్క రాజో కట్టించలేదు. వాసిష్ఠీపుత్ర పులుమావి వంటి శాతవాహన ప్రభువుల పేర్లు శాసనాలలో కనబడినా, పలకలను, కంభాలను దానము చేసినవారిలో అధికులు వర్తకులు, గృహస్థులు, వృత్తిపనివారు, భిక్షువులు, భిక్షుణులు. స్త్రీల పేర్లు విరివిగా ఉన్నవి. విధికుడు అనే చర్మకారుడు తన తల్లి, భార్య, సోదరులు మొదలైన కుటుంబ సభ్యులతో కలసి పూర్ణఘటము చెక్కిన పలకను సమర్పించినట్లు ఒక ప్రాకృత శాసనము తెలుపుతున్నది. గంధపు వర్తకుల దానాలు కూడా ఉన్నవి. రెండు వేల ఏండ్ల నాటి సామాన్యుల పేర్లు ఇంత వివరముగా దొరికే చోటులు తెలుగునాట అరుదు. 2018లో ఖరారైన ఆంధ్ర ప్రదేశ్ ప్రభుత్వ అధికార చిహ్నములోని పూర్ణఘటమునకు అమరావతి శిల్పమే ఆధారము.

తెలుగు భాషా చరిత్రకారులకు అమరావతి మరొక కారణము వలన ముఖ్యమైనది. ఇక్కడి ఒక విరిగిన పలక మీద ఉన్న "నాగబు" అను పదమును వేటూరి ప్రభాకరశాస్త్రి గుర్తించి, అది శాసనాలలో దొరికిన తొలి తెలుగు పదమని ప్రతిపాదించారు. పలక విరిగిన ముక్క కావడముతో అది పొడవైన పేరులోని ఒక భాగమై ఉండవచ్చునన్న అభ్యంతరము కూడా ఉన్నది. కావున దీనిని పరీక్షలలో ఒక్క మాటలో వ్రాయు సమాధానముగా కాక, చర్చలో ఉన్న విషయముగా విద్యార్థులు గ్రహించవలెను.

శిల్ప కళ

తొలి దశ శిల్పాలలో బుద్ధుని మానవ రూపము లేదు. ఖాళీ సింహాసనము, పాదముద్రలు, బోధి వృక్షము, ధర్మచక్రము ఆయనను సూచించును. తరువాతి శిల్పాలలో మానవ రూపము వచ్చినది. రెండు పద్ధతులూ ఒకే స్తూపము మీద పక్కపక్కన కనబడుట ఇక్కడి విశేషము. మదించిన నలగిరి ఏనుగును బుద్ధుడు శాంతింపజేసిన ఘట్టము చెక్కిన గుండ్రని ఫలకము, బుద్ధుని భిక్షాపాత్రను దేవతలు నాట్యగానాలతో మోసుకుపోవు ఫలకము చాలా ప్రసిద్ధమైనవి; ఇవి చెన్నై మ్యూజియంలో ఉన్నవి. నలగిరి ఫలకములో ఒకే ఏనుగును రెండు సార్లు చూపించారు. ఒక వైపు మనుషులను తొక్కుతూ, మరొక వైపు మోకరిల్లుతూ ఉంటుంది. మేడ కిటికీల నుండి తొంగి చూచువారి ముఖములలో భయము కూడా కనబడుతుంది. ఇంత జనసమ్మర్దమును ఇంత చిన్న గుండ్రని చోటులో ఇరికించినా చూపరి కన్ను తడబడకపోవుట అమరావతి శిల్పి నేర్పు. నాగార్జునకొండ, గోలి, జగ్గయ్యపేట శిల్పాలతో కలిపి దీనిని అమరావతి శైలి అని వ్యవహరిస్తారు. ఈ శైలి ప్రభావము శ్రీలంకకు, ఆగ్నేయాసియాకు వ్యాపించినది.

కొన్ని పలకలకు రెండు వైపులా శిల్పము ఉన్నది. క్రీ.పూ. 1వ శతాబ్దములో చెక్కిన పలకను మూడు వందల ఏండ్ల తరువాత తిప్పి, వెనుక వైపు కొత్త బొమ్మ చెక్కారు. అనగా పాత రాయిని మరల వాడుకొనుట ఇక్కడ 18వ శతాబ్దములో మొదలైన అలవాటు కాదు.

క్షీణత

క్రీ.శ. 7వ శతాబ్దములో చైనా యాత్రికుడు హ్యుయాన్‌త్సాంగ్ ధాన్యకటకమునకు వచ్చినప్పటికే అనేక విహారాలు పాడుబడి ఉన్నవి. అయినను స్తూపము వెంటనే మరుగున పడలేదు. 1182 నాటి కోట కేతరాజు శాసనము ఇక్కడి ఎత్తైన చైత్యమును వర్ణించి, బుద్ధునికి దీపదానాలను పేర్కొన్నది. ఈ శాసనమున్నది అమరేశ్వరాలయములో. శ్రీలంకలోని గడలదేనియ వద్ద ఉన్న 1344 నాటి శాసనము ధర్మకీర్తి అను స్థవిరుడు ధాన్యకటకములో ఒక రెండంతస్తుల మందిరమును బాగు చేయించెనని తెలుపుతున్నది. ఆ తరువాత నాలుగు శతాబ్దాలకు పైగా స్తూపము సంగతి వినబడదు. మట్టి కప్పిన ఆ దిబ్బను స్థానికులు దీపాలదిన్నె అని పిలిచేవారు.

విధ్వంసము, తవ్వకాలు

18వ శతాబ్దపు చివరి పాదములో జమీందారు రాజా వాసిరెడ్డి వేంకటాద్రి నాయుడు చింతపల్లి నుండి ఇక్కడకు తరలి వచ్చి కొత్త పట్టణము కట్టించెను. అమరేశ్వరుని పేరు మీదుగా దానికి అమరావతి అని పేరు పెట్టెను. ఆ కట్టడాలకు రాయి కోసము దీపాలదిన్నెను తవ్వించెను. అక్కడ ఏమున్నదో ఆ రోజులలో తెలిసిన వారు లేరు. పలకలు మెట్లకు, గోడలకు చేరినవి. కొన్ని సున్నపు బట్టీలకు పోయినవి.

ఈ వార్త విని కల్నల్ కాలిన్ మెకంజీ 18వ శతాబ్దము చివరన అమరావతి చూచెను. మెకంజీకి తెలుగు, సంస్కృత విషయములలో సహాయము చేసినవారు కావలి సోదరులు అను తెలుగువారు. స్తూపము జైనులదని మెకంజీ మొదట తలచెను. 1816లో తిరిగి వచ్చునప్పటికి దిబ్బ నడుమ చెరువు తవ్వి ఉన్నది. అతని సిబ్బంది అప్పటికి మిగిలిన శిల్పాలను కాగితము మీద శ్రద్ధగా చిత్రించారు. ఆ చిత్రాల సంపుటము ప్రస్తుతము బ్రిటిష్ లైబ్రరీలో ఉన్నది. అందులోని కొన్ని రాళ్ళు నేడు ఎక్కడా లేవు. ఆ చిత్రములే వాటికి మిగిలిన ఆనవాలు.

తరువాత కొన్ని పలకలు మచిలీపట్నము సంతలో అలంకారమునకు నిలబెట్టబడి, అక్కడి నుండి మద్రాసు చేరినవి. 1845లో వాల్టర్ ఇలియట్ తవ్వించి తీసిన శిల్పాలు మద్రాసులో చాలా కాలము ఎండకు వానకు పడియున్నవి. వాటితో కలిపి 120 వరకు రాళ్ళను 1859లో లండన్‌కు ఓడలో పంపారు. అక్కడ కూడా కొన్నాళ్ళు మూలన పడి ఉండగా, 1867 ప్రాంతములో జేమ్స్ ఫెర్గుసన్ వాటిని గుర్తించి మరుసటి ఏడు తన గ్రంథములో ప్రచురించెను. 1880లో అవి బ్రిటిష్ మ్యూజియమునకు చేరినవి.

1877లో రాబర్ట్ సెవెల్ కొంత భాగమును తవ్వెను. 1880లో మద్రాసు గవర్నరు డ్యూక్ ఆఫ్ బకింగ్‌హామ్ ఆదేశముతో దిబ్బను మొత్తము త్రవ్వి తీశారు. ఈ పనికి సరియైన నమోదు లేనందున ఏ రాయి ఎక్కడ ఉండేదో తెలుసుకునే అవకాశము చాలా వరకు పోయినది. జమీందారు తవ్వకమును నిందించుట సులభము. కాని పురావస్తువుల పేరుతో జరిగిన ఈ తవ్వకము చేసిన నష్టము దానికి తీసిపోదు.

తరువాత వచ్చిన జేమ్స్ బర్జెస్ శిల్పాలను మద్రాసుకు తరలించవలెనని తలచగా, ప్రాచీన కట్టడాల సంరక్షణాధికారి హెచ్.హెచ్. కోల్ దానిని వ్యతిరేకించెను. అచ్చులు తీసి మ్యూజియంలకు పంపి, అసలు రాళ్ళను వాటి చోటనే ఉంచవలెనని అతని వాదము. నాడు బర్జెస్ మాట నెగ్గినది. మద్రాసు మ్యూజియంలో పలకలను గోడలలో బిగించి అమర్చారు. అందువలన కొన్ని రాళ్ళు తేమకు, లవణాలకు దెబ్బతిన్నవి. అలెగ్జాండర్ రీ 1888 నుండి 1909 వరకు విడతలుగా జరిపిన తవ్వకాలు, స్వాతంత్ర్యము తరువాత 1958-59లోను, 1973-74లోను జరిగిన తవ్వకాలు స్తూపము తొలి దశల గురించి కొత్త సమాచారము అందించినవి.

శిల్పాలు ఉన్న చోటులు

చెన్నై ప్రభుత్వ మ్యూజియంలోని సేకరణ అన్నిటిలోకి పెద్దది. దీనికి సి. శివరామమూర్తి 1942లో వ్రాసిన వివరణాత్మక గ్రంథము నేటికీ ఉపయోగకరమైనది. బ్రిటిష్ మ్యూజియంలోని శిల్పాలు ఒకప్పుడు చాలా ఏండ్లు నేలమాళిగలో ఉండి, 1992లో ప్రత్యేక గదిలో ప్రదర్శనకు వచ్చినవి. కోల్‌కతా ఇండియన్ మ్యూజియం, ఢిల్లీ నేషనల్ మ్యూజియం, పారిస్‌లోని గిమే మ్యూజియంలలో కూడా కొన్ని ఉన్నవి. వీటిని స్వస్థలమునకు తిరిగి తేవలెనన్న కోరిక తెలుగువారిలో ఎప్పటి నుండో ఉన్నది. లండన్ మాట అటుంచి, చెన్నైలోని వాటిని గురించి కూడా ఈ మాట వినబడుతుంది. ఎందుకంటే అవి మద్రాసు రాష్ట్రము ఉమ్మడిగా ఉన్న రోజులలో అక్కడకు పోయినవి.

సందర్శన

అమరావతికి గుంటూరు, విజయవాడల నుండి బస్సులున్నవి. స్తూపమునకు దగ్గరలో భారత పురావస్తు శాఖ వారి మ్యూజియం ఉన్నది. తవ్వకాలలో దొరికిన శిల్పాలు, స్తూపము నమూనా ఇందులో చూడవచ్చును. 2006 జనవరిలో దలైలామా ఇక్కడ కాలచక్ర ఉత్సవము జరిపారు. బుద్ధుడు ధాన్యకటకములోనే కాలచక్ర తంత్రమును బోధించెనని టిబెట్ బౌద్ధుల విశ్వాసము. పంచారామాలలో ఒకటైన అమరేశ్వరాలయము, 125 అడుగుల ధ్యాన బుద్ధ విగ్రహము కూడా ఈ గ్రామములోనే ఉన్నవి. ముందు మ్యూజియంలోని నమూనాను చూచి ఆ పిమ్మట స్తూపము దగ్గరకు పోయినచో, ఆ దిమ్మె మీద ఏ భాగము ఎక్కడ ఉండేదో పోల్చుకొనుట సులభమగును.