వేపాకుతో నానో మందు.. ఆకుతో చేసింది కదా అని సేఫ్ అనుకోవచ్చా?

వేపాకు రసంతో చేసిన నానో కణాలు బ్యాక్టీరియాను చంపేస్తున్నాయంటూ వార్తలు తరచూ చూస్తుంటాం. ఇంతకీ ఇవి ఎలా తయారవుతాయి? మందుగా వాడొచ్చా? ఒకసారి చూద్దాం..

నానో అంటే ఎంత?
మీటరును వంద కోట్ల భాగాలు చేస్తే అందులో ఒకటి నానోమీటర్. 1 నుంచి 100 నానోమీటర్ల సైజులో ఉండేవే నానో కణాలు. మన వెంట్రుక మందమే దాదాపు 80 వేల నానోమీటర్లు ఉంటుంది.

తయారీ ఇలా..
వేపాకులను కడిగి, నీళ్లలో మరిగించి వడగడతారు. ఆ కషాయాన్ని జింక్ నైట్రేట్ కలిపిన నీళ్లలో పోసి వేడి చేస్తారు. ఆకులోని ఫ్లేవనాయిడ్లు, పాలీఫినాల్స్ జింక్‌ను పట్టుకుంటాయి. కణాలు ఒకదానికొకటి అతుక్కోకుండా కూడా చూస్తాయి. మిగిలిన ముద్దను సుమారు 400 డిగ్రీల వేడిలో కాలిస్తే జింక్ ఆక్సైడ్ పొడి వస్తుంది. ఘాటు రసాయనాల వాడకం తగ్గుతుంది కాబట్టి దీన్ని గ్రీన్ సింథసిస్ అంటారు.

బ్యాక్టీరియా ఎలా చస్తుంది?
ఈ కణాల నుంచి జింక్ అయాన్లు విడుదలవుతాయి. చురుకైన ఆక్సిజన్ అణువులు కూడా పుడతాయి. ఇవి బ్యాక్టీరియా పైపొరను దెబ్బతీస్తాయి.

అసలు చిక్కు ఇక్కడే..
అంత వేడిలో వేపాకు పదార్థం చాలావరకు కాలిపోతుంది. చివరికి మిగిలేది జింక్ ఆక్సైడే. డోసు ఎక్కువైతే అది మన కణాలకూ హాని చేయగలదు. పైగా చెట్టును బట్టి, సీజన్‌ను బట్టి ఆకులోని పదార్థాలు మారుతుంటాయి. దాంతో కణాల సైజు కూడా మారొచ్చు. మందుకైతే ప్రతి బ్యాచ్ ఒకేలా ఉండాల్సిందే. ల్యాబ్ ప్లేటులో పనిచేసినంత మాత్రాన మనిషి ఒంట్లోనూ పనిచేస్తుందని చెప్పలేం.

మెటల్ ఆక్సైడ్ నానో మందులు అసలే లేవా?
ఉన్నాయి. కిడ్నీ రోగుల్లో ఐరన్ లోపానికి ఇచ్చే ఫెరుమాక్సిటాల్ ఐరన్ ఆక్సైడ్ నానో మందే. దీన్ని ఆకు రసంతో చేయరు. మనుషులపై ట్రయల్స్ జరిగాకే 2009లో అమెరికా ఎఫ్‌డీఏ అనుమతిచ్చింది. అయినా తీవ్రమైన అలర్జీల ముప్పు ఉందంటూ 2015లో గట్టి హెచ్చరిక జోడించింది.

గుర్తుంచుకోండి..
ఇంట్లో వేపాకు మరిగిస్తే జింక్ ఆక్సైడ్ నానో కణాలు రావు. నానో వేప మందు అంటూ ఎవరైనా అమ్మితే, ఏ ట్రయల్స్ జరిగాయో అడగండి. ముఖ్యంగా డాక్టర్ రాసిన యాంటీబయాటిక్స్‌ను మధ్యలో ఆపేయొద్దు.