బీగం కంటికి కనబడని కాలం

మద్రాసు దూరదర్శన్ 1975 ఆగస్టు 15న మొదలైంది. ఆ తర్వాత మన వేలూరు, గుడియాత్తం ఇళ్లకు వచ్చిన బ్లాక్ అండ్ వైట్ టీవీలు కొన్నింటికి చెక్క పెట్టె, పక్కకు జరిపే తలుపులు, బీగం ఉండేవి. చెవి పెద్దవాళ్ల దగ్గరుండేది. టీవీ ఎందుకు పెట్టలేదో ఇంట్లో అందరికీ తెలుసు.

1982లో కలర్ వచ్చింది. 2006లో తమిళనాడు ప్రభుత్వం ఉచితంగా 14 అంగుళాల కలర్ టీవీలు పంచడం మొదలుపెట్టాక, కొనలేని ఇళ్లకూ టీవీ చేరింది. రిమోట్ సెట్లలో బీగం మాత్రం కంటికి కనబడదు. చైల్డ్ లాక్ పడితే ముందున్న బటన్లు పలకవు. ఆ సంగతి మెమరీ చిప్‌లో ఉండిపోతుంది కాబట్టి, చాలా సెట్లలో ప్లగ్గు పీకినా పోదు.

గుడియాత్తంలో మా అవ్వ పాత టీవీకి ఇట్లానే అయింది. పాత సామాన్లకు వేసేద్దామన్నారు. ఇంట్లో పిల్లలంతా తమిళమే మాట్లాడతారు. అవ్వ రోజూ వినే తెలుగు ఆ పెట్టెలోంచే.

నేను టెస్టర్ని. తప్పు ఎక్కడ లేదో ముందు చూస్తాం. స్విచ్చి వేస్తే నీలి తెర మీద బీగం గుర్తు కనిపించింది: అంటే పిక్చర్ ట్యూబు బాగుంది. సెట్‌టాప్ బాక్సు కోసం ఏవీకి మార్చబోతే బటన్లు పలకలేదు. రిమోట్ మొన ఫోన్ కెమెరాకు చూపి నొక్కినా వెలుగు రాలేదు, కొత్త సెల్లు వేసినా అంతే. పోయింది రిమోటే! సరిపోయే రిమోట్ వేలూరులో దొరికింది. లాక్ తీసేశాం.

మీ ఇంట్లోనూ ఇట్లా అయితే వెనక మూత మాత్రం విప్పొద్దు. ప్లగ్గు తీసినా పిక్చర్ ట్యూబులో వేల వోల్టులు నిలిచి ఉండొచ్చు. ముందు రిమోట్ చూడండి.