వివాహ రిజిష్టరు ఎవరి చేతిలో ఉన్నది?
తెలుగు క్రైస్తవుల వివాహ దాఖలాల చరిత్ర, వాటిని వెదకు విధానము

బబులోను చెరనుండి తిరిగి వచ్చిన యాజకులలో కొందరు తమ వంశావళి పత్రములను వెదకి, అవి కనబడనందున యాజకధర్మమునుండి వేరుచేయబడిన సంగతి ఎజ్రా 2:62లో చూస్తాము. వారు యాజకుల సంతానము కాదని ఎవరూ రుజువు చేయలేదు. పత్రము దొరకలేదు, అంతే. సెమినరీలో చదువుకొన్న రోజులలో ఈ వచనము దగ్గర నేను ఎన్నడూ ఆగలేదు. చాలా సంవత్సరముల తరువాత ఒక విధవరాలు మా పార్సనేజి అరుగు మీద కూర్చుని తన కాగితముల సంచి విప్పిన రోజున అది గుర్తుకు వచ్చినది.

ఆమె భర్త ప్రభుత్వ ఉద్యోగము చేసి మరణించాడు. సర్వీసు పుస్తకములో ఆమె పేరు ఊరివారు పిలిచే పేరుగా ఉన్నది. ఆమె చేతిలోని కార్డులన్నిటిలో బాప్తిస్మపు పేరు ఉన్నది. ఇద్దరూ ఒకరే అని చూపుటకు వివాహ దాఖలా తెమ్మన్నారు. వివాహము 1974లో దివిసీమలోని ఒక చిన్న సంఘములో జరిగినది. 1977 నవంబరు 19న వచ్చిన ఉప్పెనలో ఆ మందిరముతో పాటు రిజిష్టరు కూడ కొట్టుకొని పోయినది. ఆమె వెంట వచ్చిన సంఘపెద్ద మంచివాడే. "అయ్యగారూ, మీ దగ్గర పాత పుస్తకములో ఖాళీ పేజీ ఉంటే రాసి ఇచ్చేయండి, పెండ్లి జరిగిన మాట నిజమే గదా" అన్నాడు.

ఆయన అడిగినది ఎందుకు చేయలేమో, దానికి బదులు ఏమి చేయవచ్చునో చెప్పవలెనంటే ముందు ఈ రిజిష్టరు చరిత్ర తెలియవలెను. మన వివాహ దాఖలాలు ఎక్కడ ఉండవచ్చునన్నది 1872లో చేసిన ఒక చట్టము నిర్ణయించినది.

చట్టము వేసిన రెండు దారులు

భారత క్రైస్తవ వివాహ చట్టము (1872లో 15వ చట్టము) అంతకు ముందున్న 1865 చట్టమును తొలగించి దాని స్థానములో వచ్చినది. వివాహము జరిపించు అధికారము ఎవరికి ఉన్నదో దాని 5వ సెక్షను చెప్పుచున్నది: బిషప్పుచేత అభిషేకము పొందినవారు, స్కాట్లాండు సంఘపు గురువులు, ప్రభుత్వ లైసెన్సు పొందిన బోధకులు, మ్యారేజి రిజిస్ట్రారులు, భారతీయ క్రైస్తవుల వివాహములకు మాత్రమే సర్టిఫికెట్టు ఇచ్చుటకు 9వ సెక్షను క్రింద లైసెన్సు పొందినవారు. ఇంతవరకు మనలో చాలామందికి తెలిసినదే. దాఖలాల విషయములో చట్టము రెండు దారులు వేసిన సంగతి మాత్రము తక్కువగా చర్చించబడినది.

దొరల వివాహములకు 28 నుండి 36 వరకు సెక్షనులు. ఇంగ్లాండు సంఘపు గురువు సంవత్సరమునకు నాలుగుసార్లు తన రిజిష్టరు నకళ్ళను ఆర్చిడీకనరీ రిజిస్ట్రారుకు పంపవలెను. అక్కడనుండి అవి రిజిస్ట్రారు జనరలుకు చేరేవి. ఇతర మిషనుల బోధకుడు రిజిష్టరులో వ్రాసి, దానికి జతగా ఉన్న సర్టిఫికెట్టును చింపి ఒక నెలలోగా జిల్లా మ్యారేజి రిజిస్ట్రారుకు పంపవలెను. మద్రాసు రాజధాని నుండి వెళ్ళిన చర్చి రిటర్నులు 1698 నుండి నేటికీ లండనులోని బ్రిటిష్ లైబ్రరీలో ఉన్నవి. అందుచేత ఆనాడు బెజవాడలో పనిచేసిన ఒక ఇంగ్లీషు రైల్వే గార్డు పెండ్లి దాఖలాను ఆయన మునిమనుమడు లండనులో కూర్చుని చూడగలడు.

ఆ గార్డు ఇంట వంట చేసిన క్రైస్తవుని పెండ్లి మాట ఏమిటి? దానికి 37వ సెక్షను వర్తించును. పెండ్లివారు ఇద్దరూ భారతీయ క్రైస్తవులైతే (మొదట చట్టములో ఉన్న మాట 'నేటివ్ క్రైస్తవులు') గురువు పై పద్ధతులకు బదులుగా వేరొక పుస్తకములో వ్రాసికొనవలెను. పుస్తకము నిండువరకు తానే భద్రపరచవలెను. నిండకముందే జిల్లా విడిచి వెళ్ళినచో తన తరువాత వచ్చినవానికి అప్పగించవలెను. నిండిన తరువాత అది ఎవరి చేతిలో ఉంటే వారు రిజిస్ట్రారు జనరలుకు పంపవలెను.

సంవత్సరమునకు నాలుగైదు పెండ్లిండ్లు జరిగే పల్లె సంఘములో ఒక పుస్తకము నిండుటకు ఎంత కాలము పట్టునో పాఠకులే లెక్క వేసికొనవచ్చును. యాభై సంవత్సరములు పట్టిన పుస్తకమును నేను చూచాను. ఆ యాభై సంవత్సరములలో ఎనిమిదిమంది కాపరులు మారారు. పుస్తకము రెండుసార్లు ఒకరి ట్రంకు పెట్టెలో వేరే ఊరికి వెళ్ళి తిరిగి వచ్చినది. రాలేకపోయినవి ఎన్నో!

అయితే చట్టము రెండవ ప్రతి గురించి ఆలోచించలేదని చెప్పలేము. 9వ సెక్షను లైసెన్సుదారుడు తన రిజిష్టరులోని నమోదుల నకళ్ళను ప్రభుత్వము నిర్ణయించిన గడువులలో రిజిస్ట్రారు జనరలు కార్యాలయములో దాఖలు చేయవలెనని 62వ సెక్షను. 37వ సెక్షను పుస్తకములకు కూడ ఇదే నియమము వర్తించునని 64వ సెక్షను చెప్పుచున్నవి. యిర్మీయా 32వ అధ్యాయములో ముద్రవేసిన క్రయపత్రమును, ముద్రలేని ప్రతిని రెంటినీ మంటికుండలో పెట్టించిన ప్రవక్త ఆలోచన ఇటువంటిదే. మనము ఆ రెండవ ప్రతిని సక్రమముగా పంపుచున్నామా అన్నది వేరే ప్రశ్న. పంపని కాపరిని ఎవరూ వెంటనే నిలదీయరు. నలుబది సంవత్సరముల తరువాత ఒక విధవరాలు మాత్రము నిలువబడుతుంది.

ఎక్కడ వెదకవలెను?

పై చరిత్రను బట్టి మొదట వెదకవలసిన చోటు పెండ్లి జరిగిన సంఘమే. ఆ రిజిష్టరు ఇప్పుడు ఏ పాస్టరేటు క్రింద ఉన్నదో కనుగొనవలెను. అక్కడ లేకపోతే అప్పటి కాపరి కుటుంబము. ఆ తరువాత డయాసిస్ లేక సినడ్ కార్యాలయము. ప్రభుత్వము వైపున ఈ దాఖలాలు రిజిస్ట్రేషను, స్టాంపుల శాఖ పరిధిలోనివి గనుక జిల్లా రిజిస్ట్రారు కార్యాలయమునకు అర్జీ పెట్టవలెను. 'ఫలానా పాస్టరేటు నుండి ఫలానా సంవత్సరములలో నకళ్ళు గాని, నిండిన పుస్తకములు గాని అందినవా?' అని 2005 సమాచార హక్కు చట్టము క్రింద అడిగితే సాధారణముగా 30 రోజులలో సమాధానము ఇవ్వవలసి ఉన్నది. విదేశీ మిషనుల ఆర్కైవులకు ముందే వ్రాయకండి. అక్కడ ఎక్కువగా దొరికేవి ఉత్తరములు, నివేదికలు.

జిల్లా పేరు దగ్గర జాగ్రత్త అవసరము. చీరాల 1970 వరకు గుంటూరు జిల్లాలో ఉన్నది, ఆ తరువాత ఒంగోలు (ప్రకాశం) జిల్లాలో, 2022 ఏప్రిల్ నుండి బాపట్ల జిల్లాలో ఉన్నది. తెలంగాణలో 2016లో జిల్లాలు మారినవి. 1953 అక్టోబరు 1కి ముందు కోస్తా, రాయలసీమ జిల్లాల పై కార్యాలయము మద్రాసు. అర్జీలో నేటి జిల్లాతో పాటు ఆనాటి తాలూకా, జిల్లా కూడ వ్రాయవలెను.

తమ వంశములో మొదట మారుమనస్సు పొందిన తాతముత్తాతల పెండ్లి దాఖలా కావాలని కొందరు విద్యార్థులు అడుగుతారు. అది చాలాసార్లు ఉండదు. 1878 జూలై 3న క్లౌ దొర సారధ్యములో ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మము పొందినప్పుడు, వారిలో సంసారులైనవారు తమ కులాచారము ప్రకారము ముందే పెండ్లాడినవారు. సంఘము వారికి మరల పెండ్లి చేయలేదు. అటువంటివారిని వెదకవలసినది బాప్తిస్మపు రిజిష్టరులో.

దొరికిన నమోదును చదువుటలోను మెలకువ ఉండవలెను. వయస్సు గడిని అక్షరాలా నమ్మరాదు. 1872 చట్టము 6వ భాగములో వరునికి 16, వధువుకు 13 నిండవలెనని ఉండెను. 1978 సవరణతో 21, 18 అయినవి. పుట్టిన తేదీ తెలియని కాలములో చట్టమునకు సరిపోయే అంకె వ్రాసిన సందర్భములు లేకపోలేదు. ఇంటిపేరు గడి కొన్నిచోట్ల ఖాళీ. తండ్రి పేరు, సాక్షుల సంతకములు ఎక్కువ నమ్మదగినవి. అర్జీలో వధూవరుల అన్ని పేర్లు, తండ్రుల పేర్లు, ఊరు, కాపరి పేరు, మూడు నాలుగేండ్ల వ్యవధి ఇస్తే వెదకేవారికి సులువు.

ఇక అడుగవలసినది 'మ్యారేజి సర్టిఫికెట్టు' కాదు. పెండ్లినాడు ఇచ్చే పూలబొమ్మల కాగితము ఎంత అందముగా ఉన్నా, అడుగవలసినది 'రిజిష్టరు నమోదుకు ధ్రువీకరించిన నకలు'. 79వ సెక్షను ప్రకారము, తగిన రుసుము చెల్లించినవారికి రిజిష్టరు వెదకనిచ్చి, నకలు వ్రాసి సంతకము చేసి ఇచ్చుట రిజిష్టరు కాపాడువాని బాధ్యత. చందా బాకీ ఉన్నదని, వేరే సంఘమునకు వెళ్ళిపోయారని నకలు ఆపే అధికారము మనకు లేదు. ఆ నకలును వేరే రుజువు లేకుండ వివాహమునకు సాక్ష్యముగా స్వీకరించవచ్చునని 80వ సెక్షను.

తప్పు కనబడితే దిద్దివేయరాదు. 78వ సెక్షను ప్రకారము తప్పు బయటపడిన నెలలోగా దంపతుల ఎదుట, వారు లేకపోతే ఇద్దరు నమ్మదగిన సాక్షుల ఎదుట, మూల నమోదును మార్చకుండ అంచున సరియైనది వ్రాసి, సంతకము, తేదీ వేయవలెను. లేని నమోదును పుట్టించుటకు 75వ సెక్షను ఏడు సంవత్సరముల వరకు జైలుశిక్ష చెప్పుచున్నది. శిక్ష మాట అటుంచండి. ఒక్క దొంగ నమోదు ఉన్నదని తేలితే ఆ పుస్తకములోని మిగతా దంపతుల దాఖలాలన్నిటికీ విలువ పోవును. నేను సంఘపెద్దకు చెప్పిన జవాబు ఇదే. ఆయనకు అది నచ్చలేదు.

ఆంధ్రప్రదేశ్‌లో 2002లో వచ్చిన నిర్బంధ వివాహ నమోదు చట్టము, 2006 ఫిబ్రవరి 14న సుప్రీంకోర్టు ఇచ్చిన ఆదేశముల తరువాత, మతముతో పని లేకుండ వివాహములన్నియు స్థానికముగా నమోదు కావలసి ఉన్నది. క్రొత్త దంపతులకు ఇది మేలు. అంతకు ముందటి తరమునకు మన పుస్తకములే ఆధారము.

ఆ విధవరాలి విషయములో జిల్లా కార్యాలయములో వెదకించాము. ఆ పాస్టరేటు నుండి ఆ సంవత్సరముల నకళ్ళు అందలేదని జవాబు వచ్చినది. కార్యాలయము వారి తప్పు కాదు; పంపవలసినది మావారు. మేము వెదకుచుండగా ఆమెకు ఒక సంగతి గుర్తుకు వచ్చినది. 1976లో భర్త బదిలీ మీద పట్నమునకు వెళ్ళినప్పుడు అక్కడ పెద్దకుమార్తెకు బాప్తిస్మము ఇప్పించారట. ఆ సంఘపు బాప్తిస్మపు రిజిష్టరులో తల్లి పేరు దగ్గర ఆనాటి అయ్యగారు బాప్తిస్మపు పేరు వ్రాసి, ప్రక్కన 'అను' అని ఊరిపేరు కూడ వ్రాశారు. ఆయన ఎందుకు అంత శ్రద్ధ తీసుకొన్నారో తెలియదు. ఆ నకలు, పెండ్లికి సాక్షిగా నిలిచి ఇంకా బ్రతికియున్న ఒక పెద్దాయన ప్రమాణపత్రము కలిపి పెట్టాము. పెన్షను మంజూరగుటకు పద్నాలుగు నెలలు పట్టినది. ఆ నెలలు ఆమె ఎలా గడిపినదో నేను అడుగలేకపోయాను.

ఆ తరువాత మా పాస్టరేటు బీరువాలోని వివాహ రిజిష్టరులను బయటకు తీసి చూచాను. నాలుగు ఉన్నవి. రెండవదానికి, మూడవదానికి మధ్య పదకొండు సంవత్సరములు లేవు. ఆ కాలములో పనిచేసిన కాపరి ప్రభువునందు నిద్రించారు. ఆయన కుమారుని చిరునామా కొరకు వెదకుచున్నాను.